ఎక్కడ తగ్గింది?

2022 జూలై వరదప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి చేరిన గోదావరి దిగడం మొదలైందని టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. వెంటనే కోనసీమ లంకలో ఉన్న పెదనాన్నకి ఫోన్ చేశాను. "తగ్గుతోంది పెదనాన్నా, కంగారేం లేదు."

"ఎక్కడ తగ్గిందిరా?"

నా దగ్గర జవాబు లేదు. భద్రాచలంలో తగ్గిన నీళ్ళు కిందికే వస్తాయి. అక్కడ దిగుతున్న గంటల్లో ధవళేశ్వరం దగ్గర ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. నా మాట నమ్మితే గేదెలు కొట్టంలోనే ఉండేవి. ఆయన అప్పటికే వాటిని ఏటిగట్టు మీదికి తోలేశాడు.

భద్రాచలంలో ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. అంటే 18 అడుగులని ఎవరైనా చెబితే, భద్రాచలంలో అది మామూలు రోజు. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక దాటిపోయినట్టు. కంపైలర్‌కి మాత్రం రెండూ ఒకటే, ఒక దశాంశ సంఖ్య. అభ్యంతరం చెప్పదు.

అదే నెలలో ఆఫీసులో కొత్తగా చేరినమ్మాయి నేను రాసిన ఫంక్షన్ గురించి అడిగింది. ట్యాంకులకి అలారం పెట్టే ఫంక్షన్ అది. పారామీటర్ పేరు 'లెవెల్'. డాక్యుమెంటేషన్‌లో నా వివరణ: 'లెవెల్ విలువ'. రాసినరోజు అది వివరణే అనుకున్నాను! సెన్సర్ పైనుంచి నీటి దాకా ఉన్న ఖాళీని కొలుస్తుంది. ఆమె అడుగు నుంచి ఎత్తు అనుకుంది. ట్యాంకు నిండుతుంటే అలారం మోగదు, ఖాళీ అవుతుంటే మోగుతుంది. పరీక్షలోనే దొరికింది కాబట్టి సరిపోయింది.

కథలో రచయిత పేరు దాచిపెడితే పాఠకుడు నాలుగు పేజీలు ఓపిక పడతాడు. అర్ధరాత్రి డాక్యుమెంటేషన్ తెరిచినవాడికి ఆ ఓపిక ఉండదు. వాడి ముందు నేను ఉండను, 'ఎక్కడ?' అని అడగడానికి.

పేరు మార్చాను: 'పైనుంచి ఖాళీ, సెంటీమీటర్లలో'. పొడుగ్గా ఉందన్నారు కొందరు. ఉండనీ. కింద ఇంకో వాక్యం చేర్చాను: పరిమితిని తాకితేనే మోగుతుందా, దాటాక మోగుతుందా అన్నది. పేరొక్కటే అన్నీ చెప్పలేదు కదా.

ఇప్పుడు వరద వస్తే ఫోన్లో ఇలా మొదలుపెడతాను: "ధవళేశ్వరం దగ్గర, పొద్దున్న ఆరింటికి, ఇన్ని అడుగులు."

"ఊఁ, ఇప్పుడు చెప్పు," అంటాడు పెదనాన్న.