ఊ కొట్టినంత మాత్రాన

కొలిచే యంత్రాల మాన్యువల్స్‌లో చివర కొన్ని పేజీల పదాల పట్టిక ఉంటుంది. టాకర్, లిజనర్, హ్యాండ్‌షేక్, క్వెరీ, సబ్‌నెట్ మాస్క్, సీక్వెన్షియల్ కమాండ్, ఓవర్‌ల్యాప్డ్ కమాండ్... కుషాయిగూడలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెస్ట్ ఇంజినీరుగా చేరిన కొత్తలో ఆ పేజీలు నేను తిప్పలేదు. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కి నెట్‌వర్క్ కేబుల్ పెట్టాను, ఐపీ అడ్రస్ ఇచ్చాను, 5025 పోర్టు తెరిచి ‘స్టార్ ఐడీఎన్’ అని అడిగాను. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు వరసగా చెప్పింది. మాటా మాటా కలిసింది, ఇక పని మొదలుపెట్టొచ్చు అనుకున్నాను.

పని ఏమిటంటే, రేడియో ట్రాన్స్‌మిటర్ బోర్డు ఎంత పవర్ ఇస్తోందో కొలవడం. స్క్రిప్టు ‘స్వీప్ మొదలుపెట్టు’ అంటుంది, ఆ వెంటనే ‘మార్కర్ దగ్గర విలువెంత?’ అని అడుగుతుంది. రాసింది సరిగ్గా ఉందో లేదోనని ఒకే బోర్డు పెట్టి పదిసార్లు నడిపాను. పదిసార్లూ ఒకే అంకె, అదీ సెకను లోపే. ఆ వేగం చూసి మురిసిపోయాను.

తర్వాత 40 బోర్డుల లాట్ వచ్చింది. 18వ బోర్డు ఫెయిల్ అయింది, రిపేర్ బెంచ్‌కి పంపాను. అక్కడ కూర్చునే అక్క కాసేపు చూసి, “కరెంటు సరిగ్గానే తీసుకుంటోంది తమ్ముడూ, ఐసీ బాగానే ఉన్నట్టుంది. ఇంకోసారి పెట్టి చూడరాదూ?” అంది. మెషిన్ ఫెయిల్ అని చూపించింది కదక్కా, ఐసీ మార్చేయండి అన్నాను. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు. వేడిగాలితో ఐసీ ఊడదీసి కొత్తది వేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, బోర్డులు బిగించే కుర్రాడు వచ్చి చెప్పాడు: 17వ బోర్డు తీసేటప్పుడు చూస్తే సప్లై వైరు ఊడి ఉందట. కరెంటే లేని బోర్డు పాస్ ఎలా అయిందన్నా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మా సీనియర్ సార్ స్క్రిప్టు మొత్తం చదవలేదు, ఆ రెండు లైన్లే చూశారు. “స్వీప్ అయిపోయిందా అని అడిగావా?”

“కమాండ్ ఇచ్చాను సార్. ఎర్రర్ ఏమీ రాలేదు.”

“ఎర్రర్ రాలేదంటే విన్నదని. అయిందని కాదు.”

ఫిల్టర్ సన్నగా పెట్టుకున్నాం కాబట్టి మా స్వీప్‌కి 4 సెకన్లు పడుతుంది. ‘మొదలుపెట్టు’ అన్నది ఓవర్‌ల్యాప్డ్ కమాండ్. యంత్రం ఆ పని మొదలుపెట్టి, అది సాగుతుండగానే తర్వాతి మాట వింటుంది. నేను విలువ అడిగే సరికి తెరమీద ఉన్నది ఇంకా పాత గీతే, అంటే ముందు బోర్డుది. అంతసేపూ ప్రతి బోర్డుకీ దాని ముందు బోర్డు మార్కులే వేశాను. కరెంటు లేని 17కి 16వ దాని పాస్, నిక్షేపంలాంటి 18కి 17వ దాని ఫెయిల్. ఒకే బోర్డుతో పదిసార్లు చూసుకున్నప్పుడు పాతదీ కొత్తదీ ఒకటే కాబట్టి ఈ తప్పు బయటపడే దారే లేదు.

ఆ రాత్రి పదాల పట్టిక తీసి కూర్చున్నాను. హ్యాండ్‌షేక్ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు తమ యంత్రాల కోసం తయారుచేసుకున్న బస్ 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది. అందరూ జీపీఐబీ అనేది దాన్నే. అందులో 8 తీగలు డేటాకి, 3 తీగలు కేవలం హ్యాండ్‌షేక్‌కి. వింటున్న వాటిలో అన్నిటికన్నా నెమ్మదైనది కూడా ‘అందింది’ అనేదాకా చెప్పేది తర్వాతి బైట్‌కి వెళ్లదు. ఎంత మర్యాద! అయినా అది కథ వింటూ ఊ కొట్టడం లాంటిదే. మాట చెవిన పడిందనడానికి గుర్తు, అంతే. చెప్పిన పని అయిందో లేదో ఆ మూడు తీగలకి తెలియదు.

ఆ లోటు 1987లో వచ్చిన 488.2 తీర్చింది. యంత్రం ఏదైనా సరే, ఎవరు తయారుచేసినా సరే, తప్పకుండా అర్థం చేసుకోవాల్సిన 13 కమాండ్లు అందులో ఉన్నాయి. వాటిలో మూడు ఈ ఒక్క బాధ కోసమే పెట్టారు. స్టార్ వెయిట్ అంటే చేతిలో పని అయ్యేదాకా తర్వాతి మాట ముట్టుకోకు అని. స్టార్ ఓపీసీ అంటే అయ్యాక నీ స్టేటస్ రిజిస్టర్‌లో గుర్తు పెట్టు అని. అదే ఓపీసీకి ప్రశ్నార్థకం తగిలిస్తే, పని పూర్తయ్యేదాకా జవాబు రాదు. అయ్యాక ‘1’ అని వస్తుంది. పదమూడింటిలో మూడు! నాలాగే పాత గీత చదివి మోసపోయినవాళ్లు అప్పటికే ఎంతోమంది ఉండి ఉంటారని ఆ లెక్క చూడగానే అనిపించింది.

ఓపీసీ ప్రశ్న పెట్టాను. మొదటిసారే టైమౌట్. మా లైబ్రరీ జవాబు కోసం 2 సెకన్లే ఆగుతుంది, స్వీప్‌కేమో నాలుగు. అది ఆగిపోయింది కదా అని నేను ఇంకో ప్రశ్న వేస్తే మైనస్ 410 అని ఎర్రర్ వచ్చింది, క్వెరీ ఇంటరప్టెడ్. మొదటి ప్రశ్నకి యంత్రం చెప్పిన జవాబు నేను తీసుకోకుండానే రెండోది అడిగానన్నమాట. నిన్నటి దాకా ఈ ఎర్రర్ వస్తే యంత్రాన్నే తిట్టుకునేవాణ్ణి. టైమౌట్ 10 సెకన్లకి పెంచాక అంతా కుదురుకుంది.

మర్నాడు 40 బోర్డులూ మళ్లీ టెస్టుకి పెట్టాం. అంతకన్నా ముందు రిపేర్ బెంచ్ దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనక్కా, మీరు చెప్పినప్పుడే ఇంకోసారి చూసి ఉండాల్సింది అన్నాను. 18వ బోర్డు నుంచి తీసిన ఐసీని ఆవిడ పారెయ్యలేదు. చిన్న కవర్లో వేసి, పైన నంబరు రాసి, సొరుగులో దాచింది. తీసి నా చేతిలో పెట్టింది. ఆ బోర్డునే మొదట బిగించాం. అక్క కూడా వచ్చి నా పక్కన నిలబడింది. గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా పోతుంటే ఆ నాలుగు సెకన్లూ ఇద్దరం తెరవైపే చూస్తూ ఉండిపోయాం.