ఉత్తది అడుగు

మా తమ్ముడు న్యూయార్కులో కాపురం పెట్టి, నేను వెళ్ళేనాటికి పదహారేళ్ళు. మొదటి పదమూడేళ్ళూ “ఒక్కసారి రా అన్నయ్యా” అని పిలుస్తూనే ఉన్నాడు. పరీక్ష పేపర్లనీ, పిల్లల చదువులనీ ఏదో ఒక వంక చెప్పి నేను వెళ్ళలేదు. ఆ తరువాత మూడేళ్ళు వాడు పిలవలేదు. పిలవడం మానేశాక నాకు వెళ్ళాలనిపించింది. మానవ స్వభావం అటువంటిది కాబోలు!

కారణం కూడా చెప్పాలి. 2020 మే నెలలో మా నాన్నగారు పోయారు. విమానాలు లేవు. తమ్ముడు రాలేకపోయాడు. కర్మలన్నీ అయ్యాక ఒక రాత్రి ఫోనులో వాణ్ణి నేను అనకూడని మాట అన్నాను. “డాలర్లు పంపితే కొడుకు కాడురా, పాడె మొయ్యాలి” అన్నాను. విమానాలు లేవని నాకు తెలుసు. తెలిసే అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

2023 వేసవి సెలవుల్లో వెళ్ళాను. వాళ్ళ ఇల్లు ఫ్లషింగులో. రెండు రోజులు ఇద్దరమూ ఎండ గురించి, మా కాలేజీ గురించి, అద్దెల గురించి మాట్లాడుకున్నాము. మా మరదలు గడుసుది. మూడోనాడు కాఫీ ఇచ్చి, “ఇలా గోడలు చూస్తూ కూర్చునే బదులు బావగారికి ఊళ్ళో మంచి పిజ్జా ఎక్కడుందో చూపించండి” అని మా ఇద్దర్నీ బయటికి తోసినంత పని చేసింది.

పిజ్జా అంటే నాకు తెలిసినదల్లా మా ఊళ్ళో అట్టపెట్టెలో స్కూటరు మీద వచ్చేది. పైన పనీరు, మొక్కజొన్న గింజలు, ఇంకా ఏవేవో పోసి ఉంటాయి. దానికోసం రైలెక్కి వెళ్ళడమేమిటని లోపల నవ్వుకున్నాను.

మొదట కార్మైన్ వీధిలో జోస్ అనే చోటికి తీసుకువెళ్ళాడు. 1975 నుంచీ ఉన్నదట. అక్కడ నిలబడే తినాలి. కాగితపు పళ్ళెంలో త్రికోణపు ముక్క పెట్టి ఇస్తారు. దాన్ని నిలువునా మడిచి కొననుంచి కొరకాలి. మడవకపోతే చొక్కా పాడవుతుంది, నాది పాడయింది. నేను పైన ఏమేమి వేయించుకోవాలా అని బోర్డు చదువుతూంటే తమ్ముడు చెయ్యి పట్టుకు ఆపాడు.

“ఉత్తది అడుగు అన్నయ్యా. పైన పది పోస్తే ఎవడైనా అమ్ముతాడు. ఉత్తది బాగుంటేనే వాడికి పని వచ్చినట్టు.”

నేను మాట్లాడలేదు. ఆ మాట వాడిది కాదు. రాజమండ్రిలో మా చిన్నప్పుడు నాన్నగారు మూడు హోటళ్ళు దాటించి, గోదావరి గట్టు దగ్గర ఒక సందులో ఉన్న పెసరట్టు కొట్టుకి మమ్మల్ని నడిపించుకుపోయేవారు. అల్లం, ఉల్లి, ఉప్మా అన్నీ తరువాత. “ముందు ఉత్తది వెయ్యి” అనేవారు. పెనం చూడాలి, వేసేవాడి చెయ్యి చూడాలి, అప్పుడు కూర్చోవాలి అని ఆయన సిద్ధాంతం. మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఆదివారం ఆదివారం తమ్ముడి చేతికి డబ్బా ఇచ్చి పంపేవారు. నేను పెద్దవాణ్ణి, అయినా నన్ను పంపేవారు కారు. నేను దగ్గరి హోటల్లో కొని తెచ్చి బొంకుతానని ఆయన అనుమానం. అనుమానం నిజమే.

మర్నాడు స్ప్రింగ్ వీధిలో లొంబార్డీస్. అమెరికాలో మొట్టమొదటి పిజ్జా అంగడి తమదేననీ, 1905 నాటిదనీ వాళ్ళ మాట. అసలు కొట్టు 1984లో మూతపడి, 1994లో అదే వీధిలో మరొక చోట తెరుచుకుంది. అంతకుముందే ఫిలిప్పో మిలోనె అనే ఆయన ఆ వ్యాపారం మొదలుపెట్టాడని 2019లో ఒక పరిశోధకుడు వాదించాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నన్నెచోడుడు నన్నయకు ముందా వెనకా అని మేము క్లాసుల్లో కొట్టుకుంటూంటే, వీళ్ళకీ అదే జబ్బు!

బ్లీకర్ వీధిలో జాన్స్ 1929 నాటిది. బొగ్గు పొయ్యి. ముక్కలుగా అమ్మబడదని అద్దం మీదే రాసి ఉంటుంది. కొంటే మొత్తం చక్రం కొనవలసిందే. ఆ మంటకి అట్టు క్షణాల్లో పొంగి, అంచుల్లో అక్కడక్కడ నల్లగా మాడుతుంది. ఆ మాడే రుచి. దిబ్బరొట్టె అడుగుచెక్క కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళవారికి ఇది వివరించనక్కరలేదు. మిగిలిన ముక్కకోసం ఇద్దరమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. వాడే నా వైపు తోశాడు.

అయిదోనాడు బ్రూక్లినులో అవెన్యూ జె మీద డి ఫారా. దీన్ని పెట్టినది డామ్ డిమార్కో అనే ఇటలీ దేశస్థుడు. 1965 నుంచి దశాబ్దాలపాటు పిజ్జాలన్నీ తన చేత్తోనే వేశాడు. 2022 మార్చిలో పోయాడు. తమ్ముడు ఈ దేశం వచ్చిన కొత్తలో గంటన్నర నిలబడి ఆయన్ని చూశాడట. కాలుతున్న పళ్ళేన్ని వట్టి చేత్తో పొయ్యిలోంచి లాగేవాడట. తులసి జాతి ఆకుల్ని కత్తెరతో తుంచి పైన వేసేవాడట. ఎవరెంత తొందరపెట్టినా ఆయన తన పద్ధతి తనదే.

“నాన్నగారు చూసి ఉంటే ఇక్కణ్ణుంచి కదిలేవారు కాదు” అన్నాడు వాడు.

నేను వచ్చాక వాడు ఆయన పేరెత్తడం అదే మొదలు. కాసేపాగి అడిగాడు: “చివర్లో ఏమైనా తినాలని అడిగారా?”

“పెసరట్టు అడిగారు.”

లాక్‌డౌనులో హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. మీ వదిన ఇంట్లో వేసింది. ఒక ముక్క తుంచి, “బాగుందమ్మా, కాని అది కాదు” అన్నారు. ఇంతవరకూ చెప్పి ఆపుదామనుకున్నాను. ఆపలేకపోయాను.

“తరువాత నన్ను చూసి, చిన్నవాణ్ణి పంపించరా, వాడికి ఆ సందు తెలుసు అన్నారు. అప్పటికి నెల రోజులనుంచీ రాత్రింబవళ్ళు పక్కన ఉన్నవాణ్ణి నేను. నిన్ను ఫోనులో ఆ మాట అన్నది అందుకేరా. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.”

వాడు కాగితపు పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఇంకొకటి తెస్తాను” అని లేచి వెళ్ళి వరసలో నిలబడ్డాడు. చేతిరుమాలు ఉండగా, మేజామీది కాగితపు గుడ్డలు గుప్పెడు తీసుకువెళ్ళాడు. వాడి వంతు వచ్చింది. ఏమి కావాలని కౌంటరులోవాడు రెండుసార్లు అడగవలసివచ్చింది.