కథలోంచి పుట్టింది మతమౌతుందా?

మొన్నామధ్య బెంగుళూరులో మా ఆఫీసు భోజనాల దగ్గర మాటల్లో మాట వచ్చింది. మా టీములో ఒక విజయవాడ మిత్రుడున్నాడు. ఎక్కడెక్కడి వింతలూ ఏరుకొచ్చి మా ముందు పెట్టడం ఆయన సరదా. ఆ రోజు తెచ్చింది జెడై మతం. ‘స్టార్ వార్స్’ సినిమాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వెలుగు కత్తులు పట్టుకుని తిరిగే ఆ వీరులే జెడైలు. 2001లో ఇంగ్లండు, వేల్సులలో జనాభా లెక్కలు తీస్తే 3,90,127 మంది తమ మతం జెడై అని రాశారు.

"చూశావా గురూ, సినిమా చూసి మతం పెట్టేసుకున్నారు!" అని ఆయన నవ్వాడు. అందరం నవ్వాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

ఆ సాయంత్రమే అమ్మ ఫోను. "అబ్బోడా, బారతం పెట్టేసినారు. శనివారం తపస్సు. అక్క కూడా వస్తాండాది. నువ్వొస్తావా, ఈసారీ పనుండాదంటావా?"

మధ్యాహ్నం నవ్విన నవ్వు గొంతులో అడ్డం పడింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. (2022లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, మా ఇంట్లో వాళ్ళకి ఇప్పటికీ అంతా చిత్తూరు జిల్లానే.) మా వైపు చాలా ఊళ్ళల్లో ధర్మరాజుల గుడో, ద్రౌపదమ్మ గుడో ఉంటుంది. ఎండాకాలంలో అక్కడ బారతం జరుగుతుంది, మామూలుగా పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురుడి బండి, ద్రౌపది కల్యాణం, అర్జునుడి తపస్సు ఇలా ఒక్కో రోజు ఒక్కో ఘట్టం. చివరి రోజు దుర్యోధన వధ. నేల మీద మట్టితో దుర్యోధనుడి బొమ్మని పడుకున్నట్టు చేస్తారు, మనిషి దాని పక్కన నిలబడితే పిల్లాడిలా కనపడతాడు. భీముడు వచ్చి తొడ మీద కొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత కంకణం కట్టుకున్నవాళ్ళు నిప్పుల గుండం తొక్కుతారు.

వీటన్నిట్లోకీ జనం విరగబడి వచ్చేది తపస్సుకి. పొడుగాటి మాను పాతుతారు. అర్జునుడి వేషం వేసినాయన పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టూ ఎక్కి చివరికంటా పోతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో నేల మీద సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయో, విభూతో, పువ్వో దొరికితే వరం దొరికినట్టు. దీన్నే మావాళ్ళు వరం పడడం అంటారు.

మా అక్కకి పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లల్లేరు. ఆస్పత్రులన్నీ తిరిగింది, రెండుసార్లు ఐవీఎఫ్ కూడా చేయించుకుంది. రెండేళ్ళ కిందట వరం పడతానంది. నేను ఇంజనీరింగు వెలగబెట్టినవాణ్ణి కదా, ఊరుకోలేదు. "ఆ అర్జునుడెవరో తెలుసా నీకు? బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసేటాయన. ఆయన విసిరే నిమ్మకాయకి పిల్లలు పుడతారా?" అనేశాను.

అక్క కోప్పడలేదు. "తెల్దా ఏమిరా నాకు? మొన్న నా ఫోనుకు గ్లాసు ఏసిందీ ఆయప్పే. అయినా ఆ మాను మింద ఉన్నంతసేపూ ఆయప్ప అర్జునుడే" అని లేచి పోయింది. ఆ రోజు నేను మాను దగ్గరికి పోలేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఆ తర్వాత చాలా రోజులు అక్క నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు జెడైల దగ్గరికి రండి. మేమెందుకు నవ్వాం? అది కథ అని అందరికీ తెలుసు కాబట్టి. 1977లో జార్జ్ లూకాస్ తీసిన సినిమా అది, సృష్టించినవాడి పేరు పోస్టరు మీదే ఉంది. తెలిసి తెలిసి కల్పనకి మొక్కడమేమిటని మన ప్రశ్న. కానీ అక్కకి కూడా తెలుసు కదా! వేషగాడి పేరు, ఊరు, షాపు అన్నీ తెలుసు.

వేషం వేరు, కథ వేరు, భారతం ఇతిహాసం కదా అంటారేమో. భారతం కల్పనా, చరిత్రా అన్న తగవులోకి నేను పోను. మా బారతంలోని ఒక్క సంగతే తీసుకుందాం, ద్రౌపది జుట్టు. దుర్యోధనుడి రక్తంతో తడిస్తేనే జుట్టు ముడుస్తానని ద్రౌపది శపథం చేసిందని మనందరికీ తెలిసిన కథ. వ్యాస భారతంలో ఆమె నోట ఆ శపథం స్పష్టంగా కనపడదు. ఆ రక్తపు చేతులతో జుట్టు ముడిచే కథకి పేరు తెచ్చింది భట్టనారాయణుడి ‘వేణీసంహారం’ అనే సంస్కృత నాటకం. అక్కడ ప్రతిజ్ఞ భీముడిది. ఆ నాటకం నుంచే మా ఊరికి వచ్చిందని నేననను, దారి ఏదైనా కావచ్చు. కానీ ఎవరో ఒక కవి కల్పించిన ఘట్టం కోసం ఈరోజు మా ఊళ్ళో మనుషులు ఉపవాసాలుండి నిప్పులు తొక్కుతున్నారు.

ఇది మా ఊరి ముచ్చటే కాదు. తమిళనాడులో సెంజి చుట్టుపక్కల ద్రౌపదమ్మ ఆరాధన మీద ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికన్ పండితుడు 1988 నుంచి పెద్ద పెద్ద సంపుటాలే వేశాడు. అక్కడ ద్రౌపదికి కాపలాదారుల్లో ముత్తాల రావుత్తుడనే ముస్లిం వీరుడు కూడా ఉంటాడు. ఏ పర్వంలో వెతికినా దొరకడు. బెంగుళూరులో ఉండేవాళ్ళు కరగ ఉత్సవం చూసే ఉంటారు, అదీ ద్రౌపదిదే. ఆ కరగ దారిలో మస్తాన్ దర్గా దగ్గర ఆగుతుంది. అది ఏ పుస్తకంలో ఉంది?

తిరుపతి గంగ జాతర సంగతీ ఇంతే. ‘పుష్ప 2’ (2024) చూసి ఆఫీసులో ఉత్తరాదివాళ్ళు నన్నడిగారు, మీ ఊళ్ళో నిజంగానే మగవాళ్ళు చీర కట్టుకుంటారా అని. కడతారు. వేషం కట్టినవాడు పక్కింటి కుర్రాడని తెలిసీ హారతిస్తారు.

మరి మనవాళ్ళకి నటుడికీ దేవుడికీ తేడా తెలియదా? నా మట్టుకు నాకు బాగా తెలుసనే అనిపిస్తుంది. 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చాక, తిరుమలకి వచ్చిన యాత్రికులు అటునుంచటే మద్రాసు పోయి ఎన్టీఆర్‌ని చూసి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. దీన్ని మన అమాయకత్వానికి సాక్ష్యంగా చెబుతుంటారు. కానీ ఆ జనమే 1983లో ఆయన్ని గెలిపించారు, 1989లో ఓడించారు. దేవుణ్ణి ఎవరూ ఓడించరు కదా :) దణ్ణం ఎక్కడ పెట్టాలో, ఓటు ఎక్కడ వేయాలో వాళ్ళకి తెలుసు.

కోర్టులు కూడా ఈ చిక్కుముడి దగ్గర తడబడినవే. అమెరికాలో ఎగిరే స్పగెట్టి రాక్షసుడనే వేళాకోళపు దేవుడున్నాడు. 2005లో స్కూలు పాఠాల్లో సృష్టివాదాన్ని వెక్కిరించడానికి పుట్టించారు. 2016లో నెబ్రాస్కాలో ఒక ఖైదీ అది తన మతమని కేసు వేస్తే, అది వ్యంగ్యం గానీ మతం కాదని జడ్జి కొట్టేశాడు. గీత ఎక్కడ గీయాలో చెప్పడం ఎప్పుడూ తేలిక కాదని కూడా ఒప్పుకున్నాడు. అదే ఏడాది బ్రిటన్ చారిటీ కమిషన్ జెడై సంస్థ ఒకదానికి మతసంస్థగా గుర్తింపు ఇవ్వనంది. మన సుప్రీంకోర్టు 1954లోనే, శిరూరు మఠం కేసులో, మతానికి దేవుడు తప్పనిసరి కాదని బౌద్ధ జైనాలను చూపించింది. ఆచారాలు, పూజలు, తిండి, బట్ట కూడా మతంలో భాగం కావచ్చంది. అయినా 1982లో ఆరోవిల్ కేసులో శ్రీ అరవిందుల బోధ తత్వమే గానీ మతం కాదని ఎక్కువమంది జడ్జీలు తేలిస్తే, మన తెలుగు జడ్జి చిన్నప్పరెడ్డి గారు వేరే తీర్పు రాసి రెండో వైపు మొగ్గారు. ఒకే బెంచి మీద ఇన్ని మాటలు!

నాకేమనిపిస్తుందంటే, మనం పరీక్ష తప్పుగా రాస్తున్నాం. కథ నిజమా కల్పనా అన్నది పుట్టుక గురించిన ప్రశ్న. ఒక ప్రోగ్రామును ఎవరు రాశారు, ఎక్కణ్ణుంచి కాపీ కొట్టారు అన్నదాన్ని బట్టి అది పనిచేస్తుందో లేదో చెప్పలేం కదా. నేనడిగేవి రెండే. ఆ నమ్మకం నీ దగ్గర నుంచి ఏమైనా తీసుకుంటోందా? నీ పక్కన ఇంకెవరైనా ఉన్నారా?

జనాభా లెక్కల గడిలో జెడై అని రాయడానికి ఖర్చేమీ లేదు. అందులో చాలామంది సరదాకి రాసినవాళ్ళే. 2011కి ఆ సంఖ్య 1,76,632కి పడిపోయింది. కానీ ఆ మిగిలినవాళ్ళలో ఎవడో ఒకడు, రోజూ పొద్దున కూర్చుని ధ్యానం చేసి, కోపం వచ్చినప్పుడు ఆ కథ గుర్తు తెచ్చుకుని నోరు అదుపులో పెట్టుకుంటూ, తనలాంటి పదిమందికి కష్టంలో నిలబడ్డాడనుకోండి. వాడిది మతమే. కథ పుట్టి యాభై ఏళ్ళేనా, రెండువేల ఏళ్ళా అన్నది నాకు తేడా కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచను. మతం అని ఒప్పుకున్నంత మాత్రాన మంచిదని ఒప్పుకున్నట్టు కాదు. తడిబట్టలతో నేల మీద పడేది అక్క. బావ గట్టు మీద నిలబడి చూస్తాడు. లోపం ఎవరిదో ఏ డాక్టరూ తేల్చలేదు గానీ మా బారతం మాత్రం తేల్చేసింది. దాన్ని విమర్శించే హక్కు నాకుంది. కానీ రెండేళ్ళ కిందట నేను విమర్శించింది దాన్ని కాదు. "అదంతా వేషం కదా" అన్నాను. అది అక్కకి తెలియని సంగతి అన్నట్టు.

శనివారం వెళ్ళాను. అక్క తువ్వాలు, పొడి చీర ఉన్న సంచీ పట్టుకుని నిలబడ్డాను. ముప్పైమంది దాకా ఆడవాళ్ళు, ఏ ఊరివాళ్ళో. అర్జునుడు పైకెక్కాడు, గొంతు బాగుంది ఆయనది. నిమ్మకాయలు విసిరాడు. అక్కకి ఏదీ దొరకలేదు. పక్కన పడుకున్నావిడ ఎవరో, ముక్కూ మొహం తెలియదు, తనకి దొరికినదాన్ని అక్క చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆమెకి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు మీద అడిగాను, ఏమనిపించింది అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెండ్లిళ్ళకి పోయినా, పండగలకి పోయినా ఇంకా ఏమీ లేదా అంటార్రా. ఆడ ఎవురూ అడగరు. అందురూ దానికే వచ్చింటారు గదా" అంది.

ఏడేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఈ ప్రశ్న తనని ఎంత కోస్తోందని. ఐవీఎఫ్ శాతాలు మాత్రం చెప్పాను.

సోమవారం భోజనాల దగ్గర విజయవాడ మిత్రుడికి ఇదంతా చెప్పాను. "అంటే నువ్వు నమ్ముతున్నావా?" అన్నాడు. నిమ్మకాయని నమ్మను. ఆ ముప్పైమందిని నమ్ముతాను.

అదండీ సంగతి. మీ ఊళ్ళో ఇలాంటిది ఉంటే, మీరెవరిని చూసి నవ్వారో ఒకసారి గుర్తు చేసుకోండి. నాకైతే ఫోను చేయాల్సినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు.