రానివాడికి పాయింట్లు ఇవ్వాలా?

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, మేం పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి 1989 నాటి గైడు దొరికింది. అందులో యోధుడికి ఓడించిన శత్రువుని బట్టి, దొంగకి దక్కిన బంగారాన్ని బట్టి విడిగా ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు. అచ్చం మన అప్రైజలే!

నాంపల్లిలో చాయ్ తాగుతూ అది తిరగేస్తుంటే మావాడొకడు గుర్తొచ్చాడు. ఆట నడిపేది నేనే. వీకెండ్ సపోర్టు వల్ల వాడు ఆరు వారాలు రాలేదు. పాయింట్లు వచ్చినవాళ్ళకే సమానంగా పంచాను. తిరిగొచ్చేసరికి వాడు మాకంటే రెండు లెవెల్స్ కింద. ఒక్క దెబ్బకే పడిపోయాడు. మళ్ళీ రాలేదు.

నిజానికి రానివాళ్ళకీ అంతే ఇవ్వొచ్చని 2014 గైడులో ఉంది. నేనే పట్టించుకోలేదు. పాయింట్లేమన్నా జీతమా, కలిసి ఆడటానికే కదా!

రాత్రి ఫోన్ చేశా: "రారా, ఇకనుంచి అందరిదీ ఒకటే లెవెల్."

"ఈ మాట మా మేనేజర్‌కి కూడా చెప్పరా" అన్నాడు. శనివారం వస్తాడట.