పాత బెంచీకి కొత్త రంగులు

ఇల్లు పాతబడిందని మన ఊళ్ళల్లో ఎవరూ కూలగొట్టరు. ఇటుకల పండుగ వస్తోందంటే ఎర్రమట్టితో గోడ మెత్తుతారు, తెల్లమట్టితో అంచు తీస్తారు, పేడతో గచ్చు అలుకుతారు. ఆ పాతిల్లే కొత్తిల్లు అయిపోతుంది. ఇది మనందరికీ తెలిసిన పనే. కానీ బడిలో బెంచీ ఊగితే మాత్రం 'ఇంక పనికిరాదు' అని మూల పడేస్తాం.

మన వంటశాల వెనక అలాంటివి మూడు బెంచీలు ఉండేవి. వానకి తడిసి నల్లబడిపోయాయి. కట్టెలు అయిపోతే అవి పొయ్యిలోకి పోవాల్సినవే. వాటిలో ఒకటి మా తొమ్మిదో తరగతి వాళ్ళం అడిగాం. వార్డెన్ మేడం గారు "చదువు పాడు చేసుకోకుండా ఆదివారాలు చేసుకోండి" అని ఒప్పుకున్నారు.

ఎలా చేశామో రాస్తాను, మీకూ పనికొస్తుంది. మొదట బెంచీని బాగా ఎండబెట్టాం. తడి కర్ర మీద రంగు నిలవదు, పొక్కులు లేచిపోతుంది. ఊగే కాలికి వాచ్‌మన్ తాత మేకులు కొట్టి ఇచ్చారు. తర్వాత గొలుగొండ బజారులో ఉప్పుకాగితం కొని రుద్దాం. ముందు గరుకుది, తర్వాత సన్నది. కర్ర చార ఎటు ఉంటే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. చేతులు బొబ్బలెక్కాయి గాని నల్లపొర పోయి లోపల తేనె రంగు కర్ర బయటపడింది.

దాంతోపాటు పేర్లు కూడా బయటపడ్డాయి. మనకంటే ముందు ఇక్కడ చదివిన అక్కలు కంపాసు ముల్లుతో చెక్కుకున్న పేర్లు. లెక్కపెడితే పదకొండు. అందులో ఒకటి మా అక్కది.

మా అక్క ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ ఏడు మా అయ్యకి జబ్బు చేసింది. అక్క జీడితోటల్లో కూలికి వెళ్ళింది. ఆ కూలి డబ్బుల్లోనే నా నోటుపుస్తకాలు కూడా ఉన్నాయి. తర్వాత పెళ్ళి చేసేశారు.

లప్పం పెట్టి పేర్లు పూడ్చేస్తే చెక్క నున్నగా వస్తుందని కొందరన్నారు. బెంచీ మీద గీకడం తప్పే కదా, మేడం గారు చూస్తే కోప్పడతారని ఇంకొందరన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ ఆదివారమే అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. అమ్మకి చదువు రాదు. "ఇక్కడేటి రాసుందే?" అని అడిగింది. "అక్క పేరమ్మా" అన్నాను. అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ రాసింది. లప్పం సంగతి చెప్తే, "గోడకి దీపం గూడుంటే పూడ్చేత్తామేటి? దాని సుట్టూరా అంచు తీత్తాం గదా!" అంది.

అందరికీ ఆ మాట నచ్చింది. ఎర్రమట్టి గుడ్డలో జల్లించి, ముందురోజు నానబెట్టిన తుమ్మబంకలో కలిపాం. బంక లేకపోతే మట్టి పొడిలా రాలిపోతుంది. తెలుపుకి సుద్ద, నలుపుకి కుండ మసి. అమ్మ పుల్లకి గుడ్డ చుట్టి, కొలత లేకుండా, స్కేలు లేకుండా పేర్ల చుట్టూ అంచు లాగేసింది. మేము లోపల చుక్కలు పెట్టాం. ఆరాక బట్టలకి అంటకుండా రెండుసార్లు వార్నిష్ పూశాం. కాళ్ళకి గేటుకి వేయగా మిగిలిన నీలం ఎనామిల్ వేశాం.

నన్ను బళ్ళో చేర్పించిన రోజున అమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది. మళ్ళీ ఈ బళ్ళో అమ్మ చెయ్యి పడింది ఈ బెంచీ మీదే.

మట్టి, చెట్టుబంకతో మేము చేసిన రంగులు చూసి సైన్సు టీచర్ గారు ఏటికొప్పాక సంగతి చెప్పారు. అది మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రని తరిణి పట్టి, తిరుగుతున్న కర్రకి రంగు లక్క ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితోనే రంగులు చేస్తారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. మన చెట్లలో, మన మట్టిలో ఇంత విద్య ఉందని నేను అనుకోలేదు.

ఇప్పుడు బెంచీ లైబ్రరీ వరండాలో ఉంది. మూడో తరగతి పిల్లలు దాని మీద కూర్చుని ఆ పేర్లు కూడబలుక్కుని చదువుతున్నారు. మా అక్క పేరు కూడా చదువుతున్నారు.

మిత్రులారా! వంటశాల వెనక ఇంకా రెండు బెంచీలు ఉన్నాయి. సెలవులకి ఇంటికెళ్ళినవాళ్ళు తలా కాస్త ఎర్రమట్టి, తుమ్మబంక పట్టుకురండి. ఇంకొక్క మనవి. ఇకమీదట ఎవరూ బెంచీల మీద కంపాసుతో గీకకండి. పేరు రాసుకోవాలంటే ఈ గోడ పత్రిక ఉంది కదా!

— తొమ్మిదో తరగతి విద్యార్థిని