బ్యారెల్ పొడుగెంత?

మేం హ్యూస్టన్ వచ్చి పన్నెండేళ్లు. రేంజిలో కాగితం మీద గురి చూసి కాల్చే షౌక్ నాకు ఇక్కడే అంటుకుంది. ఇన్నాళ్లూ అద్దె రివాల్వర్‌తోనే గడిపాను. ఈసారి సొంతంగా ఒక సింగిల్ యాక్షన్ కొందామనుకున్నాను. పాత కౌబాయ్ సినిమాల్లో కనిపించే రకం. ప్రతి గుండుకూ వెనకున్న హ్యామర్‌ను బొటనవేలితో లాగి ఎక్కించాలి. మన ఇళ్లల్లో ఘోడా చఢానా అంటాం కదా, అదే. ట్రిగ్గర్ నొక్కితే ఎక్కించిన ఘోడా దిగుతుంది, అంతే.

రకం తేలింది గానీ బ్యారెల్ పొడుగు దగ్గర ఇంట్లో బహస్ మొదలైంది. కోల్ట్ కంపెనీ 1873లో తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీలో మూడు కొలతలు మషూర్. గుర్రపు ఫౌజు వాడింది 7½ అంగుళాలది. 5½ని ఆర్టిలరీ అనీ, 4¾ని సివిలియన్ అనీ అంటారు.

బేగం 5½ అంది. తను కూడా నాతో రేంజికి వస్తుంది. 7½ది ముందుకు తూగి తన మణికట్టును లాగేస్తుందట. సహీ బాత్.

నా ముష్కిల్ కళ్లతో. చత్వారం వచ్చింది. ముందు సైటు కంటికి దగ్గరైన కొద్దీ మసకే. 4¾తో పోలిస్తే 7½లో అది 2¾ అంగుళాలు దూరం జరుగుతుంది, కాస్త తేటగా కనిపిస్తుంది. రెండు సైట్ల మధ్య ఎడం పెరిగితే గురిలో చిన్న తేడా కూడా తెలిసిపోతుంది. ముందు బరువుండటం వల్ల కాల్చినప్పుడు మూతి పైకి ఎగరడమూ తగ్గుతుంది. గుండు వేగం కొంచెం పెరుగుతుందిలే, కాగితానికి ఆ ఫరక్ ఏం తెలుస్తుంది?

పెద్దోడు మాత్రం 4¾ అన్నాడు. "ఒరలోంచి చటుక్కున వస్తుంది, కూర్చున్నా గుచ్చుకోదు. ఎప్పుడైనా వెంట పెట్టుకోవచ్చు కదా అబ్బా!"

వాడి మాటలో తప్పు లేదు. పొట్టిదానికి ఉన్న ఫాయిదా అదే. కానీ 'వెంట' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఇంట్లో ఆరేళ్ల చిట్టిది ఉంది. పైగా ఈ పాత నమూనాలో ఆరు గదులున్నా ఐదే నింపి, ఘోడాను ఖాళీ గది మీద దించాలి. లేకపోతే కింద పడ్డా పేలొచ్చు. రూగర్ కంపెనీ 1973 నుంచి ఈ ఖత్రా లేకుండా చేస్తోంది. అయినా నా నియ్యత్ నడుముకు కట్టుకోవడం కాదు.

అందుకే 7½ తీసుకున్నాను. తాళం వేసిన ఇనప పెట్టె నుంచి రేంజికి, రేంజి నుంచి పెట్టెకు. గుండ్లకు వేరే తాళం. బేగం తన వంతుకు అద్దెకు 5½ తీసుకుంటుంది.

కొనాలనుకునే భాయీలకు, బెహన్లకు నేను చెప్పేది ఒకటే. ఎన్ని అంగుళాలని దుకాణదారును అడిగే ముందు, అది రోజంతా ఎక్కడ ఉండబోతోందో ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. కొలత దాన్నిబట్టే తేలుతుంది.