రెండు కత్తులు... ఒక మొద్దు!

పంది మాంసాన్ని రాత్రంతా నిప్పుల సెగ మీద కాల్చడం ఒక ఎత్తు. తెల్లారాక దాన్ని విడదీయడం మరో ఎత్తు. కత్తితో కొట్టాలా, ఫోర్కుతో లాగాలా, చేత్తోనే పీచు తీయాలా... అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. పనిముట్టు మారితే రుచీ మారుతుందంటారు అక్కడివాళ్లు!

నార్త్ కరోలినా తూర్పు ప్రాంతంలో ఏడెన్ అని చిన్న ఊరు. అక్కడి స్కైలైట్ ఇన్ హోటల్‌ను పీట్ జోన్స్ 1947లో ప్రారంభించాడు. కప్పు మీద వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనాన్ని గుర్తుచేసే గుమ్మటం ఉంటుంది. లోపలికెళితే వినిపించేది సంగీతం కాదు... టకటకా టకటకా కత్తుల చప్పుడు! చేతికో బరువైన కత్తి పట్టుకుని, మొద్దు మీద మాంసాన్ని కొడుతూనే ఉంటారు. మన దగ్గర కైమా కొట్టినట్టేగానీ, ఇక్కడ కొట్టేది ఉడికిన మాంసాన్ని.

ఎందుకిలా? ఇక్కడ పందిని ముక్కలు చేయకుండా మొత్తంగా కాలుస్తారు. తొడ భాగం కాస్త పొడిగా, పొట్ట భాగం కొవ్వుతో, భుజం మెత్తగా ఉంటాయి. అన్నింటినీ కలిపి కొడితే ప్రతి పొట్లంలోకీ ప్రతి భాగమూ వస్తుంది. కరకరలాడే తోలునూ అందులోనే కొట్టి కలుపుతారు. వెనిగర్, ఉప్పు, మిరియాలు, కారం సాస్ చల్లుతారు. టమాటా ఊసే ఉండదు! 2003లో ఈ హోటల్‌కు ప్రఖ్యాత జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ పురస్కారం దక్కింది.

పడమర వైపు లెక్సింగ్టన్‌కి వెళితే కథ మారుతుంది. ఇక్కడ కాల్చేది పంది భుజం మాత్రమే. సాస్‌లో కాస్త టమాటా కెచప్ కూడా పడుతుంది. సన్నగా కొట్టాలా, ముతకగా కొట్టాలా, బిళ్లలుగా కోయాలా అన్నది తినేవాళ్లిష్టం. పైన ఎర్రగా కాలిన భాగమే కావాలని అడిగి మరీ తినేవాళ్లున్నారు. 1910ల చివర్లో కోర్టు భవనం ఎదుట గుడారాల్లో మొదలైన వ్యాపారమిది. 1984 నుంచి దీని పేరిట అక్టోబరులో ఉత్సవమే చేస్తున్నారు.

ఇక పెళ్లిళ్లూ పండగలకైతే ‘పిగ్ పికింగ్’. కాలిన పందిని అలాగే ఉంచి, చుట్టూ చేరి పట్టకారుతోనో, వేళ్లతోనో ఎవరికి నచ్చిన భాగం వాళ్లు లాక్కుంటారు. కత్తి అందరికీ సమానంగా పంచుతుంది... వేళ్లు ఇష్టమైనది ఎంచుకుంటాయి!

ఆ చేతులు ఎవరివి?

ఈ విందు వెనక చేదు చరిత్ర ఉంది. బానిసత్వపు రోజుల నుంచీ గుంతలు తవ్వి, కట్టెలు కాల్చి, మాంసం వండింది ఎక్కువగా నల్లజాతివాళ్లే. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణాదిలోని చాలా హోటళ్లలో వెనక వంట చేసిన మనిషికి ముందు గదిలో కూర్చుని తినే హక్కు లేదు. బోర్డు మీద యజమాని పేరుండేది, కత్తి పట్టిన మనిషి పేరు ఎవరికీ తెలిసేది కాదు. 2018లో సౌత్ కరోలినాకు చెందిన రాడ్నీ స్కాట్ ఆగ్నేయ ప్రాంతపు ఉత్తమ షెఫ్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం అందుకున్నప్పుడు, పేరు లేకుండా పోయిన ఎందరి చేతులకో గుర్తింపు దొరికినట్టయింది.

ఇంట్లో అయితే...

రాలీ, క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెరట్లో గ్రిల్లు ఉండి, పంది మాంసం తినే అలవాటున్నవాళ్లకు ఈ వివరాలు పనికొస్తాయి.

* మాంసం లోపలి వేడి 90-95 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. ఎముక పట్టి తిప్పితే ఊడివస్తే, విడదీయడం తేలిక. అలా రాకపోతే ఏ పనిముట్టూ ఆదుకోదు!

* దించాక గంటసేపు మూతపెట్టి ఉంచాలి. పూర్తిగా చల్లారనిస్తే కొవ్వు గడ్డకట్టి పీచు విడివడదు.

* రెండు కిలోలలోపైతే రెండు ఫోర్కులు చాలు. అంతకుమించితే మణికట్టు నొప్పెడుతుంది.

* ఎలుగుబంటి పంజాల్లాంటి పనిముట్లతో పని చకచకా అవుతుంది. పళ్లు దృఢంగా, సందులు కడగడానికి వీలుగా ఉన్నవి చూసుకోవాలి. ఎక్కువసేపు చీలిస్తే మాంసం ముద్దవుతుంది. డ్రిల్లుకు తగిలించే పరికరాలతో ఈ బెడద మరీ ఎక్కువ.

* అన్నింటికంటే నమ్మకమైనవి చేతులే. లోపల నూలు చేతితొడుగు, పైన ఆహారానికి వాడే పల్చటి తొడుగు వేసుకుంటే వేడి అంతగా తెలియదు. చిన్న ఎముక ముక్కో, మృదులాస్థో తగిలితే వేళ్లకు వెంటనే తెలుస్తుంది. పిల్లలకు పెట్టేటప్పుడు ఆ జాగ్రత్త ఎంతో అవసరం.

ఎన్ని పనిముట్లు కొన్నా, పళ్లెంలో పెట్టే ముందు ఒకసారి చేత్తో తడిమి చూడాల్సిందే!